గచ్చిబౌలి రాళ్ళకు వయసెంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పదిహేను నిమిషాలిచ్చారు. మన అల్లరి సంగతులు చెప్పుకోవడానికి భోజనాల దగ్గర కావలసినంత టైముంది కనుక, ఈ కాస్త సేపూ మన ఊళ్ళ గురించి మాట్లాడతాను.

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు: "సార్, మీరు లోకల్ కదా, హైటెక్ సిటీ రాకముందు ఇక్కడ ఏముండేది?" నేను నోరు తెరిచేలోగా పక్క సీటాయన జవాబిస్తాడు: "ఏముంటది, రాళ్ళు రప్పలు." 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజే ఈ ప్రాంతం పుట్టిందని చాలామంది లెక్క. కాస్త తెలిసినవాళ్ళు గోల్కొండ దాకా, 1591 నాటి చార్మినార్ దాకా వెళ్ళి అక్కడ ఆగుతారు. నేను సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్ళుగా ఈ రాళ్ళలోనే పునాదులు తీయిస్తున్నాను. "రాళ్ళు రప్పలు" అన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ రాళ్ళ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పరన్నదే నా బాధ.

మన గుట్టల గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. దీని ముందు హిమాలయాలు పసిపిల్లలు. భూమి లోతున గట్టిపడిన రాయి ఇది. పైపొరలన్నీ కొట్టుకుపోయాక బయటపడి, ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పొట్టు రాలుస్తూ, మూలలు అరిగి గుండైంది. ఒకదానిమీదొకటి పేర్చినట్టు కనిపించే ఖాజాగూడ, దుర్గం చెరువు గుండ్లను ఎవరూ పేర్చలేదు. కానీ మనుషులు కావాలని పేర్చినవి, నిలబెట్టినవి కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయానిదీ మన బడిదీ దాదాపు ఒకటే వయసు. 1974లో పెట్టారు. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలికి వచ్చింది. ఆ క్యాంపస్‌లో బృహత్‌శిలాయుగపు సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావు గారు అక్కడ తవ్వకాలు జరిపించారు. ఇనుప పనిముట్లు దొరికాయి. అవి క్రీ.పూ. 2000 కంటే ముందువని ఆయన అభిప్రాయం. దక్షిణాదిలో ఇనుము క్రీ.పూ. 1200 ప్రాంతంలో వచ్చిందని మనం చదువుకున్న లెక్క. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం తమ దగ్గర దొరికిన ఇనుము క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దిదని ప్రకటించింది. పండితుల మధ్య ఈ వాదన ఇంకా తెగలేదు, తెగనివ్వండి. అందరికంటే తక్కువ లెక్క తీసుకున్నా, గచ్చిబౌలిలో మూడు వేల ఏళ్ళ కిందట కొలిమి రాజుకుంది.

ఇలాంటి సమాధులను మన తెలంగాణ పల్లెల్లో రాక్షసగుళ్ళు అంటారు. హష్మత్‌పేటలో, మౌలాలిలో కూడా ఇలాంటివి బయటపడ్డాయి. ఇంత బండలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే ఎత్తి ఉంటారని ఆ పేరు. ఇంజనీరుగా నాకు ఈ పేరంటే గౌరవం. ఒక చిన్న లెక్క చూడండి. ఘనపు మీటరు గ్రానైట్ దాదాపు 2.7 టన్నులు. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు మందం ఉన్న బండ నాలుగు టన్నులు తూగుతుంది. క్రేన్ లేదు, జేసీబీ లేదు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పొర లేస్తుంది. ఈ విద్య మన వడ్డెర వాళ్ళకు నిన్నమొన్నటిదాకా తెలుసు. లేచిన బండను దుంగల మీద దొర్లించాలి, ఒక పక్క వాలుగా తవ్విన గుంతలోకి దాని కాలు జారవిడవాలి, తాళ్ళతో లాగి నిలబెట్టాలి, చుట్టూ రాళ్ళు దట్టించాలి. యాభై అరవై మంది ఒక్క కేక మీద లాగితే తప్ప కదలదు. అన్ని రోజులూ వాళ్ళకు ఎవరో వండి పెట్టాలి. అంటే ఇక్కడ ఊరుంది, గరిసెలో గింజలున్నాయి, పోయినవాళ్ళను మరిచిపోకూడదన్న పట్టుదల ఉంది. ఈ రోజు మా సైటులో నాలుగు టన్నులు ఎత్తాలంటే ముందు మూడు సంతకాలు కావాలి!

ఈ విద్య అసలు వైభవం చూడాలంటే నారాయణపేట జిల్లా ముడుమాల్ వెళ్ళండి. కృష్ణ ఒడ్డున, 10 నుంచి 14 అడుగుల ఎత్తు నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఒక రాతి మీద సప్తర్షి మండలం ఆకారంలో గుంటలు తొలిచి ఉన్నాయి. అందరూ దాన్ని ఫొటో తీసుకుంటారు. నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. అక్కడి జనం ఆ రాళ్ళను నిలువురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు. ఒక రాయిని ఎల్లమ్మ అంటారు. నిలబెట్టినవాళ్ళ పేరు తెలియదు, వాళ్ళ భాష తెలియదు. మొక్కు మూడు వేల ఏళ్ళుగా తెగకుండా వచ్చిందని నేను చెప్పలేను. నడుమ తెగి, మళ్ళీ ముడిపడిందేమో. కానీ నిలబడ్డ రాయి కనిపిస్తే పసుపు పూసి బొట్టు పెట్టే చెయ్యి మాత్రం మన అమ్మలది, అమ్మమ్మలది. ఆ చెయ్యి మనకు తెలుసు.

ముడుమాల్ దాకా ఎందుకు, మన చెరువు కట్టల మీద మైసమ్మను చూడండి. ఆమెను కట్ట మైసమ్మ అంటాం. ఒక్క చెరువును నమ్ముకుని కాదు, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వుకున్న నేల ఇది. మట్టికట్ట తెగితే ఊరు పోతుంది. అందుకే కట్టకు కాపలా ఉండే తల్లి. ఆషాఢంలో, వానలు అందుకునే వేళ, బోనాలెత్తుకుని ఊరు ఊరంతా కట్ట మీద నడుస్తుంది. అంతమంది నడిస్తే ఎక్కడ నెర్రె పడిందో, ఎక్కడ పందికొక్కు తవ్విందో ఎవరి కంటైనా పడక తప్పదు. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా ఊహ. మేమైతే దీన్ని వానాకాలం ముందు తనిఖీ అంటాం, దానికో ఫారం ఉంటుంది. దుర్గం చెరువు నీళ్ళు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగడానికి వెళ్ళేవని చెబుతారు. 2020 సెప్టెంబరులో ఆ చెరువు మీద తీగల వంతెన వచ్చింది. నడిమి స్పాన్ దాదాపు 234 మీటర్లు. చక్కటి పని, మా వృత్తికి గర్వకారణం. సెల్ఫీ దిగేవాళ్ళు ఒకసారి కిందికి కూడా చూడాలని నా కోరిక. కింద ఉన్నది కూడా ఇంజనీరింగే.

పేర్లలోనూ ఎంతో దాగుంది. గచ్చిబౌలిలో బౌలి అంటే మెట్లబావి, గచ్చంటే సున్నపు గచ్చు. రోజూ లక్షల మంది ఒక బావి పేరు పలుకుతూ ట్రాఫిక్‌లో నిలబడతారు. సంగారెడ్డి వైపు ఇంకో కొండాపూర్ ఉంది. 1940లలో నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహనుల పట్టణమే బయటపడింది, నాణేలు కుప్పలుగా దొరికాయి. మ్యాప్‌లో కొండాపూర్ అని కొడితే ముందు మన కొండాపూర్ మాల్సే వస్తాయి, అది వేరే సంగతి. నగరానికి అటు చివర చైతన్యపురిలో, కోసగుండ్ల నరసింహస్వామి గుట్ట బండ మీద ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలం నాటిది, గోవిందరాజ విహారం పేరు, బౌద్ధ భిక్షువుల ప్రస్తావన ఉన్నాయి. 1591కి వెయ్యేళ్ళకు పైగా ముందే మూసీ ఒడ్డున చదువుకున్నవాళ్ళున్నారు.

ఇక మనసులో ముల్లులా ఉన్న మాట. ఇరవై ఏళ్ళ కిందట ఈ కారిడార్‌లోనే ఒక సైటుకు మట్టి పరీక్షకు వెళ్ళాను. తుమ్మచెట్ల మధ్య గుండ్రంగా పేర్చిన రాళ్ళు, ఇరవై అడుగుల వ్యాసం ఉంటుంది. నడుమ ఒక బండ పలక అంచు కనిపిస్తోంది. అక్కడి పెద్దమనిషికి చూపించి, పని మొదలుపెట్టేలోగా పురావస్తువాళ్ళను పిలిపిద్దామన్నాను. "చూద్దాం సార్" అన్నాడు. అది శుక్రవారం. సోమవారానికి నేల చదును. ఆ రాళ్ళు ఏ క్రషర్‌కు వెళ్ళాయో, ఏ రోడ్డు కింద కంకరయ్యాయో! రక్షిత కట్టడాల జాబితాలో లేని రాయికి చట్టం అండ దాదాపు లేనట్టే. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు పోరాడబట్టి కొన్ని శిలలు నగర వారసత్వ జాబితాకెక్కాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు మనమంతా నెమళ్ళ గురించి, జింకల గురించి మాట్లాడాం. మంచిదే. రాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

మన సంఘాన్ని అడిగేది ఒక్కటే. స్వర్ణోత్సవ నిధిలో ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉందట, కట్టండి, డిజైను నేనే ఉచితంగా చేస్తాను. దాంతోపాటు ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలను ఊరూరా తిప్పుదాం. మాదాపూర్, రాయదుర్గం, కొత్తగూడ, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ. ప్రతి ఊళ్ళో పాత కుంట పేరు, గుట్ట పేరు, తూము ఉన్న చోటు, పోచమ్మ గద్దె, రాక్షసగుడి అన్న పేరు ఎక్కడైనా మిగిలి ఉంటే అదీ రాసుకోవాలి. ఫోనులో లొకేషన్ పట్టుకోవాలి. జాబితా తయారైతే పురావస్తు శాఖకు ఒక ప్రతి, బడి లైబ్రరీకి ఒక ప్రతి. మనలో రెవెన్యూలో పనిచేసినవాళ్ళున్నారు, సర్వేయర్లున్నారు, బిల్డర్లయితే బోలెడుమంది. పాత పహాణీల్లో శిఖం భూములు ఎక్కడెక్కడున్నాయో వాళ్ళకు కొట్టిన పిండి. తూము ఎత్తి మడి మడికీ నీళ్ళు వదిలిన నీరటి కుటుంబాల్లో ఎనభై దాటిన తాతలు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వచ్చే ఎండాకాలం దాకా ఆగితే ఎలా ఉంటుందో చెప్పలేం.

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. మీకు గుర్తున్న చెరువు పేరు, గుట్ట పేరు ఒక్కటైనా రాసి, పక్కన మీ బ్యాచ్, ఫోన్ నంబరు వేయండి. సైన్స్ సార్ ఇప్పటికే మూడు రాశారు. వాటిలో ఒకటి నేనెన్నడూ వినలేదు.