గోరుముద్దలుగా తత్త్వము

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన అధ్యయన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



"తత్త్వము" అను మాట వినగానే మనలో చాలామందికి రెండు తలంపులు కలుగును. అది గడ్డములు నెరిసిన పండితుల వ్యవహారమనునది మొదటిది. అది విశ్వాసమును చెరిపివేయుననునది రెండవది. మాకును ఈ రెండు తలంపులు ఉండెను. అవి ఎట్లు సడలినవో చెప్పుటకే ఈ కొద్ది నిమిషములు అడిగి తీసికొంటిమి.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక యౌవనస్థుడుండెను. అతడు కళాశాలలో చదువుచుండగా తల్లి చాలాకాలము మంచమున పడి మరణించెను. భూస్థాపన జరిగిన నెల దినములకు అతడు మా బైబిలు తరగతికి వచ్చి, "దేవుడు మంచివాడు, సర్వశక్తిగలవాడు అని మీరే చెప్పుదురు గదా అయ్యగారూ! మరి మా అమ్మ అంత బాధ ఎందుకు పడవలసి వచ్చినది?" అని అడిగెను. "అట్లు అడుగరాదు బాబూ, ప్రార్థన చేసికో" అంటిమి. అతడు మరల తరగతికి రాలేదు.

ఆ ప్రశ్న యోబు అడిగినదే. గ్రీకు దేశపు ఎపిక్యూరస్ పేరున చెప్పబడుచు వచ్చినదే. 1779లో అచ్చయిన డేవిడ్ హ్యూమ్ సంభాషణల గ్రంథములో కూడ అదే ప్రశ్న నిలువబెట్టబడినది. ఇవేవియు మాకు తెలియవు. తెలిసియుండినయెడల, జవాబు చెప్పలేకపోయినను, "నాయనా, నీవు అడిగినది పెద్దలందరు అడిగిన ప్రశ్నే, కూర్చో" అనియైనను అనియుందుము.

ఇట్లుండగా మా సహోదరులలో ఒకరి కుమార్తె, ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న అమ్మాయి, క్రిస్మసుకు ఇంటికి వచ్చి, తన సెల్ ఫోనులో ఒక సంభాషణ తండ్రికి వినిపించెను. దాని పేరు ఫిలాసఫీ బైట్స్. అనగా కొరికి తినదగినంత చిన్నచిన్న ముక్కలుగా తత్త్వము. మన తెలుగు తల్లి దానికి ఇంకను మంచి పేరు పెట్టగలదు: గోరుముద్దలు.

దీనిని 2007లో ఇంగ్లండులో డేవిడ్ ఎడ్మండ్స్, నైజెల్ వార్‌బర్టన్ అను ఇద్దరు మిత్రులు ప్రారంభించిరి. ఎడ్మండ్స్ బి.బి.సి. రేడియోలో పనిచేసినవారు. వార్‌బర్టన్ అప్పటిలో ఓపెన్ యూనివర్సిటీలో తత్త్వశాస్త్ర బోధకులు. ఒక్కొక్కసారి ఒక్క తత్త్వవేత్తను పిలిచి, ఒక్క విషయమును గూర్చి, సుమారు పదిహేను నిమిషములు మాట్లాడించి, ఆ శబ్దమును ఇంటర్‌నెట్టులో ఉచితముగా పెట్టిరి. లోకమంతట వినువారు కోట్లసార్లు దానిని తీసికొని వినిరి. 2010లో ఆ సంభాషణలు కొన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారిచే పుస్తకముగా కూడ వెలువడినవి.

మేము శుక్రవారము సాయంకాలములు తొమ్మండుగురము కూడుకొని వాటిని వినసాగితిమి. మాలో ఒక దర్జీ, ఒక నర్సమ్మ, ఇద్దరు రైతులు ఉన్నారు. భాష ఇంగ్లీషు గనుక మాలోని రిటైర్డు పంతులుగారు రెండు నిమిషముల కొకసారి ఫోను ఆపి తెలుగులో చెప్పుదురు. పదిహేను నిమిషముల ముద్ద మాకు గంటన్నర భోజనమైనది.

తొలి సంభాషణలలో ఒకటి ప్లేటో చెప్పిన గుహను గూర్చినది. చిన్ననాటినుండి గుహలో సంకెళ్లతో కట్టబడినవారు ఎదుటి గోడమీది నీడలనే చూచుచు, అవే నిజమనుకొందురు. ఒకడు విడిపించబడి వెలుపలికి పోవును. మొదట ఎండకు కన్నులు చెదరును, తరువాత సూర్యుని చూచును. అతడు తిరిగివచ్చి చెప్పినయెడల లోపలివారు నవ్వుదురు. ఇది విని మా దర్జీ సహోదరుడు, "ఆ తిరిగివచ్చినవాడు తిట్టక, ఓపికగా చెప్పియుంటే కొందరైనను వినియుందురేమో" అనెను. ఆ రాత్రి మాకు మా బైబిలు తరగతి జ్ఞాపకము వచ్చెను.

ఈ సంభాషణలు సామాన్యులకు ఎందుకు అందుచున్నవి? మేము గమనించినవి మూడు. మొదటిది, విషయము ఒక్కటే. సముద్రమంతయు చూపక ఒక చెంబెడు నీళ్లు ఇత్తురు. రెండవది, అడుగువాడు మన పక్షముననుండి అడుగును. పండితుడు పెద్దమాట వాడినయెడల "అనగా ఏమి?" అనును. "దీనికి ఇట్లు ఆక్షేపణ చెప్పవచ్చును గదా" అని మర్యాదగా అడ్డుపడును. మూడవది, తరువాత కూర్చుండి అనవసరమైన మాటలను కత్తిరించుట. పదిహేను నిమిషముల తేటదనము వెనుక ఆ శ్రమ ఉన్నది.

ఇది క్రొత్త పద్ధతి కాదు. 1941నుండి 1944వరకు, యుద్ధకాలమున, సి.ఎస్. లూయిస్ బి.బి.సి. రేడియోలో చిన్నచిన్న ప్రసంగములు చేసెను. అవే 1952లో మియర్ క్రిస్టియానిటీ అను గ్రంథమైనవి. 1948 జనవరి 28న బెర్ట్రండ్ రస్సెల్‌కును, జెస్యూట్ పాదిరి కాపల్‌స్టన్‌కును దేవుడున్నాడా అను విషయముపై రేడియోలో వాదము జరిగెను. ఇద్దరును ఒప్పుకొనలేదు, ఎవరును గొంతు పెంచి తిట్టుకొనలేదు. 1978లో బ్రయన్ మెగీ టెలివిజనులో 15 మంది తత్త్వవేత్తలతో సంభాషించెను. మన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, భౌతిక శాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్‌తో 1980లో చేసిన సంభాషణలు కూడ శబ్దరూపమున భద్రపరచబడినవి.

ఇంకను వెనుకకు పోయిన సోక్రటీసు ఒక్క పుస్తకమును వ్రాయలేదు. వీధిలో మాట్లాడెను, అంతే. మనకు మరింత దగ్గరివాడు అగస్టీను. క్రీ.శ. 386లో, బాప్తిస్మము పొందకమునుపు, కసిసియాకుము అను పల్లెయింటిలో స్నేహితులతోను బంధువులతోను కూడి ఆనందమును గూర్చి సంభాషించెను. లేఖకులు ఆ మాటలు వ్రాసికొనుచుండిరి. ఆ కూటములో అతని తల్లి మోనికా ఉండెను. ఆమె పాఠశాలలలో తత్త్వము చదివినది కాదు. ఐనను ఆమె చెప్పిన మాట విని, ఈమె తత్త్వము యొక్క శిఖరమునే పట్టుకొన్నదని కుమారుడు మెచ్చుకొనెను. తల్లులు కూర్చుండి మాట్లాడదగిన విషయమే ఇది అని పదహారు వందల యేండ్ల క్రిందటనే తేలినది.

అయితే ఒక హెచ్చరిక చెప్పవలెను. గోరుముద్ద బిడ్డను భోజనమునకు అలవాటు చేయుటకే గాని, ఎల్లకాలము దానితోనే సరిపెట్టుటకు కాదు. పదిహేను నిమిషములు విని ప్లేటో మాకు తెలిసెననుకొనుట పొరబాటు. మాలో ఒకరు అట్లే అనుకొని సంఘపు పెద్దలతో వాదమునకు దిగి నవ్వులపాలైరి. ఆ ఒకరు ఈ ప్రసంగము చేయుచున్న మేమే. విన్న తరువాత చదువవలెను. చదువలేనివారికి చదివి వినిపించవలెను.

ఆ యౌవనస్థుని మాట మరచిపోలేదు. అతడిప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. శ్రమను గూర్చిన ఒక సంభాషణ విన్న వారము మేము అతనికి ఫోను చేసి, "బాబూ, ఆనాడు నీ నోరు మూయించితిమి, మమ్మును క్షమించు" అంటిమి. అతడు చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "నాకు జవాబు దొరికినదా అని అడుగకండి అయ్యగారూ, దొరకలేదు" అనెను. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు శుక్రవారము మాతో కూర్చుండెను. విశ్వాసమునకు తిరిగివచ్చెనని చెప్పము. కూర్చుండెను, విన్నాడు, మాలో ఇద్దరి మాటలను గట్టిగా ఖండించెను. నర్సమ్మ అతనికి టీ ఇచ్చి, వాళ్లమ్మ చివరి దినములలో తాను చూచినది మొదటిసారి చెప్పెను. అది ఏ సంభాషణలోను లేని మాట.

కనుక రెండవ నూరేండ్లలో అడుగు పెట్టుచున్న మనకు మా మనవి ఒక్కటే. ఈ ముద్దలను తెలుగులో మనమే కలుపుదము. మన గ్రామములలో న్యాయమును గూర్చి ఆలోచించిన వకీళ్లున్నారు, మరణమును దగ్గరనుండి చూచిన డాక్టర్లున్నారు, భూమిని గూర్చి ఆలోచించిన రైతులున్నారు. ఒక ఫోను, ఒక నిశ్శబ్దమైన గది, ఒక మంచి ప్రశ్న చాలును. పదిహేను నిమిషములు మాట్లాడించి, సంఘములో వినిపించుదము. అన్నిటికంటె ముఖ్యముగా, మన బిడ్డ ఎవడైనను లేచి "ఎందుకు?" అని అడిగినప్పుడు, కుర్చీ జరిపి చోటిచ్చుదము.