బట్టయు రంగును



కృష్ణా జిల్లా పెడనలో మా మేనమామగారు అద్దకపు పని చేసెడివారు. 1986లో దసరాకు ముందు వారొక తెల్లని తాను కొనితెచ్చిరి. అచ్చమైన నూలని అమ్మినవాడు ప్రమాణము చేసెనట. నలిపినను ముడుత నిలువని బట్ట. అదియే అనుమానింపవలసిన గుఱుతు. కాని బేరము చౌక, పండుగ దగ్గఱ. కరక్కాయ నీట ముంచి, పటిక అద్ది, పాఱు నీట జాడించి, అలిజరిను వేసి రాగి కాగులో ఉడికించిరి. ఎఱ్ఱగా దేలవలసిన పువ్వులు వెలిసిపోయినట్లు వచ్చినవి. తానంతయు నష్టము, అందులో సగము అప్పు సొమ్ము.

నేనప్పుడు రసాయనశాస్త్రము చదువుచుంటిని. "అల్లుడూ, చేతి దోషమా, నీటి దోషమా?" అని నన్నడిగిరి. నేనొక పోగు లాగి దీపమునకు చూపితిని. కొంత కాగితమువలె కాలెను. కొంత కరగి నల్లని పూసయై గట్టిపడెను. "రెండును గావు మామయ్యా, ఇందు సగము నూలే కాదు" అంటిని.

ప్రత్తిపోగు నీటిని ప్రేమించునది. ఆరియున్నట్లు కనబడు నూఱు తులముల నూలులో ఇంచుమించు ఎనిమిది తులముల తేమ యుండును. తడిసినచో పోగు ఉబ్బి లోని దారులు తెఱచుకొనును. ఆ నీటితో రంగును లోపలికి పోవును. పోయినంతమాత్రమున నిలువదు. అలిజరినునకు నూలుపై సొంత పట్టు చాలదు. పటికలోని లోహము ఒక చేత పోగును, మఱియొక చేత రంగును పట్టుకొని మధ్యవర్తిత్వము నెఱపును. అందుచేతనే పటిక అద్దినచోట ఎఱుపు నిలుచును, తక్కినది ఉదుకులో పోవును. బెల్లపు నీట ఇనుము నానవేసిన కషాయము అద్దినచో, అది కరక్కాయతో గూడి నలుపగును. మన పూర్వులు చిరువేరునుండి తీసిన ఎఱుపునకు మూలము ఈ అలిజరినే. దానిని 1868లో జర్మనీలో తారునుండి చేయ నేర్చిరి.

నీలిమందు తెఱగు వేఱు. అది నీట కరగదు. తొట్టిలో పులియబెట్టి గాలి తగులకుండ నుంచినచో పసుపుపచ్చనై కరగి పోగులో దూరును. బట్టను పైకెత్తి గాలికి ఆరవేయగానే నీలమై అక్కడనే చిక్కుకొనును.

పట్టును ఉన్నియు మన వెండ్రుకకు చుట్టములు. కాల్చినచో వాసనయు అదియే. 1856లో లండనులో పదునెనిమిదేండ్ల పెర్కిను తారునుండి ఊదారంగు చేసినప్పుడు పట్టు దానిని వెంటనే గ్రహించెను, నూలునకు మాత్రము కరక్కాయవంటి వగరు పదార్థము తోడు కావలసివచ్చెను. నైలానునకు ఈ విషయమున పట్టుతో కొంత పోలిక కలదు.

ఇక పాలియెస్టరు. ఇంగ్లండులో 1941లో కనుగొనబడి టెరిలీనను పేర మన యిండ్లకు వచ్చినది ఇదియే. దీని పోగులో అణువులు కిక్కిరిసి యుండును. నూఱు తులములకు అర తులము తేమయైనను పట్టదు. నీరే చొరనిచోట నీటితో వచ్చు రంగు ఎట్లు చొచ్చును? దీనికి కావలసినవి నీట కరగీ కరగని సన్నని పొడిరంగులు. మూతబిగించిన పాత్రలో ఒత్తిడి పెట్టి, నీటిని 130 డిగ్రీలవఱకు కాచినచో పోగు సడలి రంగును లోనికి రానిచ్చును. మూతలేని మన కాగు 100 డిగ్రీలు దాటదు. మామగారు తెల్లవాఱుదాక మంట వేసినను ఫలమేమి? అయితే న్యాయము చెప్పవలెను: అట్లు చొచ్చిన రంగు చల్లాఱిన పిమ్మట ఎన్ని ఉదుకులకైనను తేలికగా విడువదు.

కొనువారు పడుగునుండి యొక పోగు, పేకనుండి యొక పోగు వేఱువేఱుగా తీసి కాల్చి చూడవలెను. ఒకదాన కల్తీ చేసి రెండవదాన చేయనివారు కలరు. ముందుగా గంజి పోవ ఉదుకుట మేలు. చిమటాతో పట్టుకొనుడు, కరగిన బొట్టు వ్రేలికంటినచో ఊడదు.

నాటినుండి మా మామగారు తాను కొనబోవునప్పుడెల్ల రొంటిని అగ్గిపెట్టె దోపుకొని పోయెడివారు. ఆయనకు చుట్ట అలవాటు లేదని యెఱిగిన వర్తకులు, ఆ పెట్టె కనబడగానే లోపలి అరనుండి వేఱొక తాను తీసెడివారట.