కదలని నేలయని నమ్మితిమి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శుభమా అని రజతోత్సవము జరుగుచుండగా భూకంపముల మాట యేమని ఒక పెద్దమనిషి నన్ను ముందే మందలించిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. గురువు లేక, ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే తప్పులతో కావ్యములు చదువుకొంటిని. ఈ యింటికి నేను ఋణపడియున్నాను. అందుచేతనే ఈ మాట ఎత్తితిని.

వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపములకొక అధ్యాయమే వ్రాసెను. నీటిలోని మహాప్రాణి కదలుటచేతనని ఒకరు, భూభారము మోసి అలసిన దిగ్గజములు నిట్టూర్చుటచేతనని మరొకరు, గాలులు ఢీకొనుటచేతనని వేరొకరు చెప్పిన మతములను వరుసగా ఎత్తి చూపెను. ఇందరి మాటను మరుగుపరుపక వ్రాసిన ఆ నిజాయితీ నాకు నచ్చినది.

నేటి శాస్త్రజ్ఞుల మాట యిది. మన దేశమును మోయుచున్న శిలాఫలకము ఏటికి నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరముగా జరుగుచు ఆసియాను నెట్టుచున్నది. ఆ రాపిడి ముఖ్యముగా హిమాలయముల పాలబడినది. కనుక అచ్చట కంపములు తరచు. మన దక్కను బహు ప్రాచీనమైన రాయి; ఇచ్చట అరుదు. అయినను ఆ ఒత్తిడి కొంత మన నేలలోనికిని వచ్చి, పాత పగుళ్లవద్ద మెల్లమెల్లగా కూడుకొనును. ఎన్ని తరములకో ఒకనాడు చెల్లును. బాకీ పద్దు చాలకాలము కదలకున్నంతమాత్రమున కొట్టివేయుదుమా?

చెల్లిన పద్దులు కొన్ని చదివెదను. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున 5.4. అదే యేడు డిసెంబరు 11న మహారాష్ట్రలో కోయనా జలాశయము చెంత 6.3, సుమారు 180 మంది మరణించిరి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7. 2024 డిసెంబరు 4 ఉదయము ములుగు జిల్లాలో 5.3. ఈ అంకెలు రూపాయల వంటివి కావు సుమా! ఒక్క అంకె పెరిగినచో శక్తి సుమారు 32 రెట్లగును.

ఇక 1993 సెప్టెంబరు 30. లాతూరు జిల్లాలో కిల్లారి గ్రామము. వినాయక నిమజ్జనము ముగించుకొని జనులు ప్రొద్దుపోయి నిద్రించిరి. తెల్లవారుజామున నాలుగు గంటలకు కొంచెము ముందు భూమి కంపించినది. ప్రమాణము 6.2. హిమాలయములలో ఇంతకు మించినవి ఎన్నియో వచ్చినవి. కాని ఇచ్చట పదివేలకు దగ్గరగా జనులు పోయిరి. దేశపు భూకంప పటములో ఆ ప్రాంతము అప్పటికి అన్నిటికన్న భయము తక్కువైన మొదటి మండలములో నుండెను. ముందటి సంవత్సరము అచ్చటి నేల పలుమారు చిన్నగా వణికియుండెను కూడ. 2002లో పటమును సవరించినపుడు మొదటి మండలమనుదానినే తీసివేసిరి.

అంతమందిని చంపినవి గోడలు. మట్టితో పేర్చిన బండరాళ్లు, రెండడుగులకు మించిన మందము, చూపునకు కోటలే. నిజమునకు ఒక్కొక్కటి రెండు గోడలు: లోపలి మొగమొకటి, వెలుపలి మొగమొకటి, నడుమ చిల్లరాళ్లు. రెంటిని కలిపి పట్టు పొడుగు రాళ్లు లేవు. ఊగినంతనే విడిపోయినవి, దూలములపై పరచిన మట్టి నిద్రించువారిపై పడినది. మిద్దె చల్లదనము నాకును తెలియును. నేను పుట్టినది అట్టి యింటనే. తేలికయైన పూరిపాకలలోనివారు చాలవరకు బ్రతికిరి.

మన గ్రంథాలయపు గోడలును ఆ జాతివే. మొన్న అలమర బిగించుటకై ఉత్తరపు గోడను తొలువగా నేను దగ్గరనుండి చూచితిని, మట్టియే రాలినది. దానిపై అంతస్తు వేయ సంఘమువారు తలపెట్టినారు. వలదని నా మనవి. ఆ సొమ్ముతో నిలువున రెండడుగులకు, అడ్డముగా నాలుగడుగులకు ఒకటి చొప్పున గోడలో రంధ్రము చేయించి, ఇనుపకడ్డీ పెట్టి కాంక్రీటు పోయింపుడు. గుమ్మముల తలపైన నాలుగు గోడలను చుట్టి ఇనుపవలతో సిమెంటు పట్టీ వేయింపుడు. చూచుటకు అందమేమియు ఉండదు. శిలాఫలకముపై పేర్లు చెక్కించుకొనుటకును వీలుండదు.

నేను వ్రాసిన చందాను పై అంతస్తు పద్దునుండి తీసి గోడల పద్దున చేర్పవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను. పిల్లలు చదువుకొను బల్లను మాత్రము రేపే ఉత్తరపు గోడ క్రిందినుండి జరుపుదము.