తలపెట్టిన కక్ష్య, దక్కిన కక్ష్య



అంతరిక్ష యాత్రల చరిత్ర రాసేవారి ముందు రెండు రకాల ఆధారాలు ఉంటాయి. మొదటిది ప్రయోగ చరిత్ర: ఏ రాకెట్టు, ఎక్కడి నుంచి, ఏ రోజు ఏ క్షణాన లేచింది, దానిని పంపినవారు లోకానికి ఏమని చెప్పారు అన్నది. రెండవది కక్ష్యా చరిత్ర: పైకి వెళ్లిన వస్తువు భూమి చుట్టూ ఏ దారిన, ఎంత ఎత్తున, ఎంతకాలం తిరిగి, ఎప్పుడు వాతావరణంలోకి దిగి కాలిపోయింది అన్నది. మొదటిది పంపినవారి మాట మీద ఆధారపడుతుంది. రెండవది రేడియో రిసీవరో బైనాక్యులరో ఉండి, లెక్క వేయగల ఓపిక ఉన్న ఎవరైనా సరిచూడగలిగినది. మెకంజీ కైఫీయత్తులనూ రాతిశాసనాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటున్న తెలుగు చరిత్రకారులకు ఈ తేడాను విడమరిచి చెప్పనక్కరలేదు. శాసనం మీద అతినమ్మకం పెట్టుకున్నా చరిత్ర పక్కదారి పడుతుందన్నదీ వారెరిగినదే. తొలి ఉపగ్రహాల విషయంలో, తొలి మానవ యాత్రల విషయంలో కక్ష్య ఏమి చెప్పగలిగిందో, ఏమి చెప్పలేకపోయిందో పరిశీలించడం ఈ అధ్యక్షోపన్యాసం ఉద్దేశం.

ఒక కక్ష్యను పోల్చుకోవడానికి ముఖ్యంగా నాలుగు అంకెలు కావాలి. ఉపగ్రహం భూమికి అతి దగ్గరగా వచ్చే చోటును పెరిజీ అని, అతి దూరంగా వెళ్లే చోటును అపోజీ అని, ఒక చుట్టు పూర్తి చేయడానికి పట్టే సమయాన్ని పరిభ్రమణ కాలం అని, కక్ష్యాతలం భూమధ్యరేఖతో చేసే కోణాన్ని వంపు అని అంటారు. వీటిలో మొదటి మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి ఏ రెండు తెలిసినా మూడవది లెక్కకు దొరుకుతుంది. వంపు మాత్రం ప్రయోగస్థలం గుట్టు విప్పుతుంది. ఎందుకంటే దారిలో రాకెట్టును బలవంతాన పక్కకు తిప్పితే తప్ప, ప్రయోగస్థలపు అక్షాంశం కన్నా తక్కువ వంపు గల కక్ష్యలోకి ఉపగ్రహాన్ని చేర్చడం కుదరదు.

సోవియట్ యూనియన్ 1957 అక్టోబరు 4న, మాస్కో కాలమానం ప్రకారం రాత్రి 10 గంటల 28 నిమిషాలకు, కజక్‌స్తాన్‌లోని త్యూరతామ్ నుంచి స్పుత్నిక్-1ను పంపింది. 83.6 కిలోల బరువు, 58 సెంటీమీటర్ల వ్యాసం గల ఆ లోహగోళం 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌ల మీద సంకేతాలు పంపుతుండగా, దాని వంపు 65 డిగ్రీలని, ఒక చుట్టుకు 1 గంట 35 నిమిషాలు పడుతుందని, ఎత్తు 900 కిలోమీటర్ల దాకా ఉంటుందని టాస్ వార్తాసంస్థ ప్రకటించింది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. ఇతర దేశాల్లో విన్నవారు, చూసినవారు వేసిన లెక్కలు కూడా ఇంచుమించు అక్కడికే వచ్చి, పెరిజీ సుమారు 215, అపోజీ సుమారు 940 కిలోమీటర్లు, పరిభ్రమణ కాలం 96.2 నిమిషాలు అని తేలింది. టాస్ చెప్పకుండా వదిలేసిన సంగతి వేరే ఉంది. రాకెట్టును రూపొందించిన సెర్గేయ్ కొరొల్యోవ్ బృందం తలపెట్టిన అపోజీ 1,450 కిలోమీటర్లు. ఇంధన వాడకాన్ని అదుపు చేసే వ్యవస్థ సరిగా పనిచేయక కిరోసిన్ ముందుగానే అయిపోవడంతో, రాకెట్టు నడిమి అంచె ఇంజను అనుకున్న దాని కన్నా సుమారు ఒక సెకను ముందే ఆగిపోయింది. ఆ ఒక్క సెకను 500 కిలోమీటర్ల ఎత్తును మింగేసింది. కక్ష్యను ఎంత నిశితంగా కొలిచినా ఈ సంగతి బయటపడదు. దక్కిన కక్ష్య ఆకాశంలో ఉంటుంది గాని తలపెట్టిన కక్ష్య కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలు ఏళ్ల తరబడి బీరువాలు దాటి బయటకు రాలేదు.

ఆ శరదృతువులో సంధ్యవేళల ఆకాశంలో జనం చూసి మురిసిపోయిన చుక్క కూడా చాలావరకు స్పుత్నిక్ కాదు. ఉపగ్రహం మామూలు కంటికి ఆనేంత పెద్దది కాదు. కనిపించినది దానిని మోసుకెళ్లి, తానూ అదే కక్ష్యలో మిగిలిపోయిన రాకెట్టు నడిమి అంచె. ఒకే ప్రయోగంతో పైకి చేరిన వస్తువుల్లో ఎక్కువ వెలుగు గలదానికి మొదటి అంకె ఇవ్వాలన్న అప్పటి పద్ధతి వల్ల ఆ ఖాళీ అంచెకు 1957 ఆల్ఫా 1 అని, అసలు ఉపగ్రహానికి 1957 ఆల్ఫా 2 అని పేర్లు పడ్డాయి. గ్రీకు అక్షరాలు చాలక 1963 నుంచి అంకెల పద్ధతి వచ్చినా ఆ వరుస మారలేదు కనుక, భూమి చుట్టూ తిరిగిన మానవ నిర్మిత వస్తువుల పట్టికలో ఒకటో నంబరు నేటికీ ఖాళీ రాకెట్టుదే. పట్టికలకు కీర్తితో పని లేదన్నమాట.

స్పుత్నిక్ రేడియోను విన్నవారిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీకి చెందిన విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ ప్రత్యేకంగా చెప్పుకోదగినవారు. దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుగానూ, దూరమయ్యే కూత తగ్గుగానూ వినిపించడానికి కారణమైన డాప్లర్ ప్రభావమే ఉపగ్రహ సంకేతానికీ వర్తిస్తుంది కాబట్టి, ఒకే చోట కూర్చుని ఆ హెచ్చుతగ్గులను జాగ్రత్తగా నమోదు చేసి వారు మొత్తం కక్ష్యను రాబట్టారు. మరుసటి ఏడు అదే సంస్థలోని ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఈ లెక్కను తిరగేసి, కక్ష్య ముందే తెలిస్తే వింటున్నవాడు భూమి మీద ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చని చూపగా, ట్రాన్సిట్ అనే ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ దాని నుంచే పుట్టింది.

కక్ష్యా చరిత్రలో పతనానికి ఉన్న విలువ ప్రయోగానికి ఉన్నదాని కన్నా తక్కువేమీ కాదు. పెరిజీ దగ్గర పలుచని గాలి రాపిడికి ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ కొంత శక్తిని కోల్పోతుంది. దాని వల్ల ముందుగా అపోజీ దిగివస్తుంది, కక్ష్య చిన్నదవుతుంది, చుట్టు చిన్నదైన కొద్దీ వస్తువు నెమ్మదించవలసింది పోయి సగటున మరింత వేగంగా తిరుగుతుంది. పరిభ్రమణ కాలం రోజుకు ఎన్ని సెకన్లు తగ్గుతున్నదో చూస్తే ఆ ఎత్తున గాలి ఎంత చిక్కగా ఉన్నదో తెలుస్తుంది. స్పుత్నిక్-1 92 రోజులు తిరిగి 1958 జనవరి 4న కాలిపోగా, లైకా అనే కుక్కను తీసుకుని 1957 నవంబరు 3న వెళ్లిన స్పుత్నిక్-2 1958 ఏప్రిల్ 14 దాకా ఆకాశంలో నిలిచింది. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగే సుమారు 27 రోజుల లయ ఆ ఎత్తుల్లోని గాలి సాంద్రతలోనూ కనిపిస్తున్నదని లూయిజీ యాక్కియా వంటి శాస్త్రవేత్తలు గ్రహించినది ఇలాంటి పతనాలను చదివే. భూమి నడుము ఉబ్బుగా ఉండడం వల్ల కక్ష్యాతలం మెల్లగా పడమరకు జరుగుతుంది; స్పుత్నిక్-1 విషయంలో ఆ జరుగుడు రోజుకు సుమారు 3 డిగ్రీలు. ఇంగ్లండులో డెస్మండ్ కింగ్-హీలీ ప్రభృతులు స్పుత్నిక్-2 జరుగుడును కొలిచి, భూమి చదును అంతవరకు అనుకున్నట్లు 297లో ఒక వంతు కాదని, 298కి పైబడిన సంఖ్యలో ఒక వంతని సవరించారు. ఈ పరిశీలనల కోసం స్మిత్సోనియన్ సంస్థ ప్రపంచంలో 12 చోట్ల నెలకొల్పిన బేకర్-నన్ కెమెరాల్లో ఒకటి మన నైనిటాల్‌కు వచ్చింది.

లైకా సంగతి ఇక్కడ ఆగి ఆలోచించదగినది. స్పుత్నిక్-2 అంకెలన్నీ ప్రపంచం చేతిలో ఉన్నాయి. ఆ కుక్క మాత్రం రోజుల తరబడి బతికి ఉన్నదనే అందరూ నమ్మారు. వేడి తాళలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందన్న నిజం 2002లో గాని వెల్లడి కాలేదు. ఎత్తునూ కాలాన్నీ చూపే కక్ష్యకు, లోపలి ప్రాణం సంగతి తెలియదు.

అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఫ్లోరిడాలోని కేప్ కనావరల్ నుంచి 1958 జనవరి 31 రాత్రి బయలుదేరిన ఈ ఉపగ్రహం సంకేతం, తొలి చుట్టు ముగించి కాలిఫోర్నియాకు అందవలసిన సమయానికి అందలేదు. సుమారు 8 నిమిషాలు ఆలస్యంగా వచ్చేసరికి, కక్ష్య అనుకున్న దాని కన్నా ఎత్తుగా పడిందని అర్థమైంది. తలపెట్టినదేమిటో అక్కడ బహిరంగంగా ఉన్నందువల్లనే ఆ ఆలస్యం చరిత్రకెక్కింది.

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ ప్రయాణించిన వోస్తోక్-1 దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. అపోజీ 302 కిలోమీటర్లని తొలి ప్రకటన చెప్పింది. తరవాత స్థిరపడిన అంకె 327. తలపెట్టినదో, దాదాపు 230 మాత్రమే. రేడియో ఆజ్ఞతో ఆగవలసిన ఇంజను ఆ ఆజ్ఞ అందక ఆలస్యంగా ఆగినందువల్ల నౌకకు కావలసిన దానికి మించిన వేగం వచ్చింది. ఈ తేడా ప్రాణం మీదికి తెచ్చేది. వెనక్కు దింపే ఇంజను ఒక్కటే ఉన్న ఆ నౌకలో, అది మొరాయిస్తే గాలి రాపిడికే పది రోజుల్లోపల కిందికి దిగివచ్చేట్లు తక్కువ ఎత్తును ఎంచుకుని, తిండినీ గాలినీ పది రోజులకే అమర్చారు. 327 కిలోమీటర్ల అపోజీతో ఆ లెక్క తలకిందులయింది. ఇంజను పనిచేసింది కనుక సరిపోయింది. దిగివచ్చేటప్పుడు పరికరాల విభాగం విడిపోవలసిన క్షణాన విడిపోక, సుమారు 10 నిమిషాల పాటు నౌకను అంటిపెట్టుకుని ఉండడం ఆ రోజు ఎదురైన మరో గండం.

ఈ యాత్రను భూమి చుట్టూ పూర్తి ప్రదక్షిణ అనవచ్చునా అన్న ప్రశ్నకు కూడా అంకెలే జవాబు చెప్పాలి. ప్రయోగస్థలం 63 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటే, దిగిన చోటు వోల్గా తీరంలో సరాతోవ్ సమీపాన 46 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. తూర్పుగా బయలుదేరి తూర్పుగానే సాగిన నౌక బయలుదేరిన రేఖాంశాన్ని చేరకుండానే నేలకు వచ్చింది కాబట్టి, నేల మీది గీతల ప్రకారం అది తిరిగినది 343 డిగ్రీలే. కాని యాత్ర సాగిన 108 నిమిషాల్లో భూమి కూడా తూర్పుగా 27 డిగ్రీలు తిరిగింది. నక్షత్రాలను ఆధారం చేసుకుంటే నౌక తిరిగినది 370 డిగ్రీలు, అంటే ఒక చుట్టు పూర్తయి ఇంకా పైన. పటం ముందు పెట్టుకుని వాదించేవారిదీ నక్షత్రాలను చూపి వాదించేవారిదీ లెక్క తప్పు కాదు. అయితే కక్ష్య అన్నది నేలకు కట్టుబడినది కాదు కనుక రెండవ వాదమే నిలుస్తుంది. గగారిన్ సుమారు 7 కిలోమీటర్ల ఎత్తున నౌక నుంచి బయటపడి విడిగా పారాచూట్‌తో దిగాడన్న వాస్తవాన్ని, పైలట్ తన వాహనంలోనే దిగాలన్న విమానయాన రికార్డుల అంతర్జాతీయ నిబంధనలకు భయపడి సోవియట్ అధికారులు చాలా ఏళ్లు దాచారు. ఏ దూరదర్శినికీ అందని ఆఖరి 7 కిలోమీటర్లు అవి.

ప్రచారాన్ని కక్ష్య పట్టి ఇచ్చిన సందర్భాలూ లేకపోలేదు. 1962 ఆగస్టు 11, 12 తేదీల్లో ఒకదాని వెంట ఒకటి వెళ్లిన వోస్తోక్-3, వోస్తోక్-4 నౌకలు ఒక దశలో సుమారు 6.5 కిలోమీటర్ల దగ్గరకు రావడంతో, సోవియట్లు అంతరిక్షంలో నౌకలను కలిపే విద్యను సాధించారని పాశ్చాత్య పత్రికలు కలవరపడ్డాయి. వాటి కక్ష్యలను వరుసగా చూసినవారికి తెలిసినది వేరు: మొదటి నౌక నెత్తి మీదికి వచ్చే క్షణానికి రెండవదానిని గురి చూసి వదిలారు, అంతే, దారి మార్చుకునే ఇంజను దేనికీ లేదు, కలిసిన మరుక్షణం నుంచి రెండూ ఎడమవుతూనే పోయాయి. ఒక నౌక తన కక్ష్యను తానే దిద్దుకుంటూ మరొకదానిని చేరి నిలవడం 1965 డిసెంబరు 15న అమెరికా నౌకలు జెమిని-6, జెమిని-7లతో గాని సాధ్యపడలేదు.

ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూలు ఉదంతం ఇంకా రుచికరమైనది. భౌతికశాస్త్రం చెప్పే జెఫ్రీ పెర్రీ, ఆయన విద్యార్థులు మామూలు రిసీవర్లతో సోవియట్ ఉపగ్రహాల సంకేతాలను వింటూ వచ్చారు. 1966 మార్చిలో వెళ్లిన కోస్మోస్-112 వంపు 72 డిగ్రీలు. అది త్యూరతామ్ నుంచి లేచిన వాటి వంపుల్లో ఇమడలేదు. దాని దారిని, అదే ఏడు వెళ్లిన మరో ఉపగ్రహం దారిని వెనక్కు గీసుకుంటూ పోతే, ఆ రెండు గీతలూ రష్యా ఉత్తరాన ఒకచోట ఒకదానినొకటి కోశాయి. ప్లెసెత్స్క్ ప్రయోగకేంద్రం ఉనికిని ఒక బడి ఈ విధంగా లోకానికి చెప్పింది; సోవియట్ ప్రభుత్వం దానిని ఒప్పుకున్నది 1983లో.

తెలుగు నేలకు సంబంధించిన ఉపగ్రహ ప్రయోగ చరిత్ర 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 వైఫల్యంతో మొదలై, 1980 జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్య చేరడంతో నిలదొక్కుకుంది. తెలుగులో వచ్చే రచనలు ఈ రెండు తేదీలనూ విధిగా చెబుతాయి. 1981 మే 31 నాటి మూడవ ప్రయోగానికి మాత్రం అంత చోటు దక్కదు. ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది కాబట్టి దానిని వైఫల్యమనడానికి లేదు. తలపెట్టిన ఎత్తు అందక పెరిజీ 186 కిలోమీటర్ల వద్దే నిలిచిపోయినందున అది సుమారు 9 రోజుల్లో రాలిపోయింది. పాక్షిక విజయం అన్న మాట వెనుక ఉన్నది ఈ అంకెలే కనుక, ఇకమీదట తెలుగులో వచ్చే అంతరిక్ష చరిత్రల్లో, విజ్ఞాన కోశాల్లో ప్రతి ప్రయోగం ఎదుట తేదీ, బరువులతో పాటు తలపెట్టిన కక్ష్యకు ఒక గడి, దక్కిన కక్ష్యకు ఒక గడి కేటాయించాలన్న ప్రతిపాదనను ఈ సదస్సు చర్చకు తీసుకోవలసి ఉంది.