హాలీ సిక్కా నుంచి కల్దారుకు

పాత రికార్డులతో నా అనుభవాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పై ఏడేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన ఒక లెక్క గురించే చెబుతాను.

ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. కాగితాల మీద ఓ.ఎస్. అని రాసేవారు, అంటే ఉస్మానియా సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయి మనవాళ్లకు కల్దారు. అది కాగితాల మీద బి.జి., స్వాతంత్ర్యం తర్వాత ఐ.జి. బెజవాడలో సరుకు కొనాలన్నా, మద్రాసులో కొడుకును చదివించాలన్నా హాలీ ఇచ్చి కల్దారు తెచ్చుకోవాలి. సాహుకారు వట్టం పట్టుకునేవాడు. ఆ రోజుల్లో అది పరదేశపు డబ్బు కొన్నట్టే.

రేటు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. పాతకాలపు గుమాస్తాలకు ఈ అంకె నిద్రలో లేపి అడిగినా వచ్చేది. ఈ రేటు గాలిలోంచి ఊడిపడలేదు. పాత కల్దారు 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. రెండింటి వెండినీ లెక్క కట్టి చూడండి, ఏడుకు ఆరు దగ్గరికే వస్తుంది.

1950లో మన దగ్గర భారత రూపాయి చెలామణీలోకి వచ్చింది. 1951తో హాలీ జారీ ఆగింది. 1959లో పూర్తిగా రద్దయింది. మధ్యలో 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అంటే ఒకే తరం గుమాస్తాలు పదేళ్లలో రెండుసార్లు లెక్కలన్నీ తిరగరాశారు.

మా నాన్నగారు తహసీలు కచేరీలో పనిచేసేవారు. 35 హాలీల జీతం 30 అయింది. లెక్క ప్రకారం నష్టం లేదు. కానీ హోటలువాడు హాలీ అణాకు పోసిన చాయ్‌ని కల్దారు అణాకే పోశాడట! "వాడు లెక్క నేర్వలేదురా, నాకు మాత్రం సర్కారు బాగా నేర్పింది" అని నాన్నగారు నవ్వేవారు. జీతమో పెన్షనో తప్ప వేరే ఆధారం లేనివాడికి రేటు న్యాయంగా ఉంటే చాలదు, బజారు కూడా అదే రేటు పాటించాలి.

ఇక నా సీటుకు వచ్చిన కేసు. 1975లో ఒక రిటైర్డ్ జమాదారు వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. 1946లో రిటైరయ్యాడు. "నా పెన్షన్ల ఏదో తక్కువైతున్నది బిడ్డా" అన్నాడు. ఎప్పటినుంచి అంటే చెప్పలేకపోయాడు. కానీ సంచిలోంచి ఉర్దూ కాగితం ఒకటి తీశాడు. అది మొదటి పెన్షన్ ఉత్తర్వు. ఉర్దూ వచ్చిన మా సీనియర్ చదివి చెప్పాడు: 42 రూపాయలు, ఓ.ఎస్.

42 హాలీలకు 36 ఐ.జి. అది సరే. అతను తీసుకుంటున్న మూల పెన్షను మాత్రం 30 రూపాయల 86 పైసలు. కింది ఆఫీసు నుంచి పాత రిజిస్టర్లు తెప్పించి చూస్తే సంగతి బయటపడింది. మొదటి రిజిస్టరులో 36 అని సరిగానే మార్చారు, పక్కన ఐ.జి. అని రాయలేదు. 1959లో రిజిస్టర్లు తిరగరాసినప్పుడు ఎవరో ఆ 36ను హాలీ అనుకుని మళ్లీ ఏడుకు ఆరు చేశారు. రెండక్షరాలు రాయనందుకు నెలకు 5 రూపాయల 14 పైసలు, పదహారేళ్లు. మొత్తం 986 రూపాయల 88 పైసలు. నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ.

"ఐదు రూపాయల కోసం ఇంత ఫైలా?" అన్నారు పై అధికారి ఒకరు. ఐదు రూపాయలని రాయలేదండీ, 987 అని రాశాను అన్నాను. ఆడిట్ అభ్యంతరాలు, జవాబులు అయ్యేసరికి 1977 వచ్చింది. ఎరియర్లు చేతికి అందిన రోజు ఆ పెద్దాయన నోట్లు లెక్కపెట్టుకుని, "ఇవి హాలీయా, కల్దారా?" అని అడిగాడు. వేళాకోళమో, నిజమైన సందేహమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన దగ్గర ఆ ఉర్దూ కాగితం లేకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. మీ ఇళ్లలో తాతల సర్వీసు బుక్కులు, భూమి కాగితాలు ఉంటే అంకె పక్కన ఏముందో చూడండి. తేదీ ఫసలీలో ఉంటే 590 కలపండి, ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. చదవడం రాలేదని చింపి పారేయకండి.

ఇలాంటిదే మరొకటి. మన సభ్యుడొకరి కుమారుడు జర్మనీలో ఉన్నప్పటి 300 మార్కులు బీరువాలో దొరికాయి. ఇక్కడి మనీ ఛేంజరు వద్దన్నాడు. చెల్లవని ఊరుకోబోయారు. 2002లో యూరో నోట్లు వచ్చినా, జర్మనీ కేంద్ర బ్యాంకు పాత మార్కులకు గడువే పెట్టలేదు. ఒక యూరోకు 1.95583 మార్కుల చొప్పున రుసుము లేకుండా మారుస్తుంది. ఆ 300కు 153 యూరోల 39 సెంట్లు. అటు వెళ్లే పిల్లలతో పంపవచ్చు. ఫ్రాన్సు ఫ్రాంకులైతే లాభం లేదు, నోట్ల గడువు 2012 ఫిబ్రవరి 17తో ముగిసింది. హాలండు గిల్డరు నోట్లకు 2032 జనవరి 1 దాకా ఉంది. కాబట్టి ఏ దేశపు నోటో చూడకుండా కమీషనుకు కొంటామనేవాళ్ల చేతిలో పెట్టకండి.

మన హాలీ రూపాయిని మాత్రం ఇప్పుడు ఏ బ్యాంకూ మార్చదు. చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయలుంటే, కరిగించడానికి ఇచ్చే ముందు నాణేలు సేకరించేవారికి ఒకసారి చూపించండి.

పాత కాగితాల్లో ఓ.ఎస్., ఐ.జి. లెక్క తేలనివారు ఎవరైనా ఉంటే సంఘం ఆఫీసుకు తీసుకురండి. మంగళవారం, శుక్రవారం ఉదయం నేను అక్కడే ఉంటాను. జిరాక్సు కాదు, అసలు కాగితమే తేవాలి. జిరాక్సులో ఆ చిన్న అక్షరాలు సరిగా పడవు.