మచ్చను దాచకండి

 

మొన్న రాత్రి తరగతి అయ్యాక ఒక అక్క నన్ను పక్కకు పిలిచింది. "టీచరమ్మా! తొడ మీద ఎర్రమచ్చలు లేచాయి. ఏడాది నుంచి తామర మందు రాస్తున్నా. పోవడం లేదు. ఆ చోటు డాక్టరుకి ఎట్లా చూపేది?" అని అడిగింది. ఈ రోజు ఆ సంగతే చెబుతాను.

పోని మచ్చ తామర కావచ్చు. కుష్టు కావచ్చు. దేని మందు దానిదే. చాలా అరుదుగా ఇంకో జబ్బు కూడా కావచ్చు. దాని పేరు కూడబలుక్కుని చదవండి. మై-కో-సిస్ ఫం-గో-యి-డిస్.

ఇది చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సరు. ఫ్రాన్సు దేశపు డాక్టరు అలిబెర్ 1806లో దీని గురించి రాశాడు. రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లాంటి కంతులు చూశాడు. అందుకే ఆ పేరు వచ్చింది.

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. రోగాలతో పోరాడడం వాటి పని. వాటిలో ఒక రకం కణాలు చెడిపోయి చర్మంలో పెరుగుతాయి. అదే ఈ జబ్బు. మొదట కంతులు ఉండవు. మచ్చలే ఉంటాయి. అవి ఎక్కువగా బట్ట చాటునే వస్తాయి. తొడలు, పిరుదులు, నడుము, రొమ్ముల మీద వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. ఇది అంటుకోదు.

చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఒక్కోసారి రెండోసారి కూడా తీయాలి.

మచ్చల దశలో వెలుగుతో వైద్యం చేస్తారు. బీరువా లాంటి పెట్టెలో ట్యూబులైట్లు ఉంటాయి. కళ్లకు నల్ల అద్దాలు పెట్టి అందులో నిలబెడతారు. ఆ వెలుగుకి చెడ్డ కణాలు చస్తాయి. మొదట కొద్దిసేపే పెడతారు. తర్వాత పెంచుతారు. వారానికి 2, 3 సార్లు, కొన్ని నెలలు వెళ్లాలి. చాలామందికి మచ్చలు పోతాయి. మళ్లీ రావచ్చు కూడా. అందుకే డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్లాలి.

"ఎండలో కూర్చుంటే చాలదా?" అంటారేమో. బొల్లికి బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టడం మన పెద్దలకు తెలుసు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. ఆ జాతి మందునే మాత్రగా ఇచ్చి, తర్వాత వెలుగు చూపి, అమెరికా డాక్టర్లు ఈ జబ్బును తగ్గించారు. ఆ సంగతి 1976లో ప్రకటించారు. అయితే ఇది ఇంట్లో చేసేది కాదు. కొలత తప్పితే ఒళ్లు కాలి బొబ్బలు లేస్తాయి. కడుపుతో ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి.

ఆ అక్క మచ్చ ఏమిటో నాకు తెలియదు. డాక్టరే తేల్చాలి. సోమవారం ఇద్దరం పెద్దాసుపత్రికి వెళ్తున్నాం. నోటితో చెప్పడానికి ఆమెకు సిగ్గు. అందుకని చీటీ మీద తనే రాసుకుంది. "తొడ మీద మచ్చలు. ఏడాది అయింది. మందు రాసినా పోలేదు."

మీకూ అలాంటి మచ్చ ఉంటే దాచకండి. చెప్పలేకపోతే రాసి ఇవ్వండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!