ఆట ఎప్పుడు వ్యసనమవుతుంది?

(అల్ ఖోబర్ సభ్య కుటుంబాల సమావేశంలో పిల్లల తరగతి స్వచ్ఛంద సేవకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



శుక్రవారాల్లో మన పిల్లలకు తెలుగు, పురాణ కథలు చెప్పే స్వచ్ఛంద సేవకులం మేము. ఈ మధ్య తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న చదువు గురించి కాదు. "మావాడు ఎప్పుడు చూసినా గేమ్ ఆడుతూనే ఉంటాడండీ, ఇది అడిక్షనేనంటారా?" అని అడుగుతున్నారు. మాలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నాం కాబట్టి ఈ ప్రశ్న మా దగ్గరికి వస్తోంది. మేము డాక్టర్లం కాము. చదివి తెలుసుకున్నది, వృత్తిలో తెలిసింది కలిపి నాలుగు మాటలు మీ ముందుంచుతాం.

ముందు వైద్యులు ఏమంటున్నారో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పును 2019 మేలో ఆమోదించారు. అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 'గేమింగ్ డిజార్డర్' అనే పేరు చేరింది. దానికి చెప్పిన గుర్తులు మూడు. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం. చదువు, నిద్ర, స్నేహం, ఇష్టమైన పనులు అన్నింటికంటే ఆటే ముందుకు రావడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపకపోవడం. వీటివల్ల జీవితం గట్టిగా దెబ్బతినాలి, మామూలుగా ఏడాదిపాటైనా ఈ స్థితి కనిపించాలి.

ఇందులో రోజుకు ఇన్ని గంటలు అన్న లెక్క ఎక్కడా లేదు. మనం ఇంట్లో లెక్కపెట్టేది మాత్రం గంటలనే.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన గ్రంథంలో దీన్ని 'ఇంకా పరిశోధన జరగాల్సిన' విషయాల్లో పెట్టింది. జబ్బుగా ముద్ర వేయడానికి తొందరపడవద్దన్న నిపుణులూ ఉన్నారు. 2017లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నాలుగు దేశాల్లో వేలమంది పెద్దవాళ్లను ప్రశ్నించి చూస్తే, ఆ అమెరికా గ్రంథంలోని కొలతకు సరిపోయేవాళ్లు నూటికి ఒక్కరు కూడా దాటలేదు. అంటే ఇలాంటి స్థితి ఉంది, కానీ అరుదు. ఎక్కువగా ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాదు. రోగి ఒక్కడూ లేడనుకోవడమూ తప్పే.

ఈ తేడా మన పెద్దలకు కొత్త కాదు. సప్తవ్యసనాల్లో జూదమూ ఉంది, వేటా ఉంది. రాజులు వేటాడేవారు, పాచికలాడేవారు. ఆడినంత మాత్రాన వ్యసనం అనలేదు. ఆట మనిషిని ఆడించడం మొదలుపెట్టినప్పుడే ఆ మాట వాడారు.

అరణ్యపర్వంలో నలుడి కథ గుర్తు చేసుకోండి. పుష్కరుడితో జూదం నెలల తరబడి సాగింది. పురజనులు, మంత్రులు వాకిట్లో నిలబడ్డారు. దమయంతి వచ్చి చెప్పింది. నలుడు బదులు కూడా పలకలేదు. చివరికి ఆమె బిడ్డలను పుట్టింటికి పంపించేసింది. అదుపు పోవడం, మిగతావన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆగకపోవడం, అదీ నెలల తరబడి. ఐసీడీ-11లోని గుర్తులకూ దీనికీ ఎంత దగ్గర పోలికో చూడండి.

ఇక మన ఖోబర్ సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పగలు బయట కాలు పెట్టలేం. పిల్లలను కార్నిష్‌కు తీసుకెళ్లాలంటే పొద్దు గూకాలి. వాళ్ల నాన్న షిఫ్టులో ఉంటే అదీ లేదు. నిన్నటిదాకా పక్క ఫ్లాట్‌లో ఉన్న స్నేహితుడు, వాళ్ల నాన్నకు ఫైనల్ ఎగ్జిట్ రాగానే హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసేది గేమ్‌లోనే. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ పదకొండు. మనకు ఫోన్ పట్టుకుని కూర్చున్నట్టు కనిపించేది, వాడికి వీధి అరుగు మీద కూర్చున్నట్టు. ఆ అరుగును అడిక్షన్ అంటే వాడికి కోపం రావడం సహజమే.

మరో రకం కూడా ఉంది. బడిలో ఏడిపిస్తున్నారని, మార్కులు తగ్గాయని, మనసు బాగాలేదని కొందరు ఆటలోకి వెళ్లి దాక్కుంటారు. అక్కడ ఆట లోపలి బాధ మీద కప్పుకున్న దుప్పటి. దుప్పటి లాగేస్తే బాధ పోదు. ముందు లోపల ఏముందో కనుక్కోవాలి.

పిల్లలు మనల్ని నిలదీసే మాట ఒకటుంది. "రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగింది కదా, ఇదీ ఒక కెరీరే కదా?" నిజమే. 2024లో జరిగిన మొదటి పోటీలో బహుమతుల మొత్తం 6 కోట్ల డాలర్లు. ఈ దేశం 2022లోనే గేమింగ్‌కు జాతీయ వ్యూహం ప్రకటించింది. అయితే ఎక్కువ గంటలు ఆడినంత మాత్రాన ఎవరూ రోగి కానట్టే, ఎక్కువ గంటలు ఆడినంత మాత్రాన ఎవరూ చాంపియన్ కారు. ఈ మాట పిల్లలకు నేరుగా చెప్పవచ్చు.

ఇప్పుడు మా వృత్తికి సంబంధించిన ముక్క. నలుడు ఎలా బయటపడ్డాడు? ఋతుపర్ణ మహారాజు దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు. అది పాచికల లోగుట్టు తెలిపే విద్య. అది తెలిసిన క్షణాన కలి అతని ఒంట్లోంచి బయటికి వచ్చాడు. ఈ కథ విన్న ధర్మరాజుకూ బృహదశ్వ మహర్షి అదే విద్య ఇచ్చాడు. ఈ కాలపు ఆటల అక్షహృదయం కొంత చెబుతాం.

ఒకటి, రోజువారీ బహుమతి. వరుసగా రోజూ లాగిన్ అయితే బహుమతి పెరుగుతుంది, ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదటికి. ఆడాలన్న ఇష్టం కంటే పోతుందన్న భయమే పిల్లవాణ్ని పిలుస్తుంది. రెండు, లూట్ బాక్స్. లోపల ఏముందో తెలియని పెట్టె. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు ముక్కుతో పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చూపించాడు. డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెలను బెల్జియం 2018లో జూదం కిందే లెక్కగట్టింది. మూడు, జట్టు ఆట. మధ్యలో లేస్తే జట్టు ఓడిపోతుంది, ర్యాంకు పడిపోతుంది. "ఒక్క నిమిషం అమ్మా" అన్నది ప్రతిసారీ అబద్ధం కాదు. అన్నానికి పిలిచే ముందు "ఈ మ్యాచ్ ఎప్పుడవుతుంది?" అని అడిగి, అది కాగానే లేవాలని ఒప్పందం చేసుకోండి. వైఫై పీకేయడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

డబ్బు పందెం ఉన్న ఆట సంగతి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ప్రోత్సహిస్తామంది. ఇంట్లో కూడా ఆ గీత స్పష్టంగా ఉండాలి. డబ్బు పెట్టే ఆట పెద్దలకైనా వద్దు. కార్డు వివరాలు పిల్లల ఫోన్‌లో దాచి పెట్టకండి.

మరి ఎప్పుడు కంగారుపడాలి? గంటలు పక్కనపెట్టి ఇవి చూడండి. నిద్ర పోతున్నాడా? బడికి వెళ్తున్నాడా? ఒకప్పుడు ఇష్టమైన క్రికెట్, బొమ్మలు, పాట ఇంకా ఇష్టమేనా? ఆట లేని రోజు చిరాకుపడినా సర్దుకుంటున్నాడా? తానే తగ్గించుకుందామని చూసి, తగ్గించుకోలేకపోతున్నాడా? వీటిలో చాలా వాటికి జవాబు చెడ్డగా ఉండి, నెలలు గడుస్తున్నా మారకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. ఇందులో పరువు పోయేది ఏమీ లేదు. సెలవులకు ఇండియా వెళ్తే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే షట్ క్లినిక్ ఉంది.

చివరిగా ఒక్క మాట. మన పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి అయ్యాక హాస్టల్‌కు వెళ్లిపోతారు. అక్కడ వైఫై పీకే అమ్మ ఉండదు, పాస్‌వర్డ్ మార్చే నాన్న ఉండడు. అప్పుడు వాడి దగ్గర మిగిలేది ఈ ఇంట్లో నేర్చుకున్న అదుపే. అది లాక్కుంటే రాదు, నేర్పితే వస్తుంది. ఈ వారం ఒక్కసారి పిల్లల పక్కన కూర్చుని, "ఇది ఎలా ఆడతారో నాకూ చెప్పు" అని అడగండి. అక్షహృదయం మనకూ కావాలి కదా.